సెలవులు మావి, పండగ వాళ్ళది

విదేశంలో పరిచర్యకు వెళ్ళాలని చాలా ఏళ్ళు ప్రార్థన చేసినవాణ్ణి. తీరా వెళ్ళే సమయం వచ్చాక, నేపాల్‌లో మేము వెళ్ళబోయే ఊరి పాస్టర్‌గారికి ఫోన్ చేసి "ఎప్పుడు రమ్మంటారు?" అని ఒక్కమాట అడగలేదు. "ఫలానా రోజుకి వస్తున్నాం" అని చెప్పాను. 2015లో దసరా గురువారం, మొహర్రం శనివారం పడ్డాయి. ముందూ వెనకా నాలుగు రోజులు లీవు పెడితే వారం పైగా కలిసొస్తుంది. నా లెక్కంతా అదే.

ఢిల్లీ కరోల్ బాగ్‌లో మా తెలుగు సంఘం చిన్నది. ఆదివారం సాయంత్రాలు ఒక అద్దె హాల్లో కూడుకుంటాం. సగం మంది నాలాంటి ఉద్యోగస్తులు, సగం మంది ఓల్డ్ రాజేందర్ నగర్‌లో సివిల్స్ కోచింగ్‌కి వచ్చిన పిల్లలు. ఆ ఏడాది ఏప్రిల్ 25న నేపాల్‌లో భూకంపం వచ్చినప్పుడు ఢిల్లీలో మా ఫ్యాన్లు కూడా ఊగాయి. దాదాపు తొమ్మిది వేలమంది పోయారు. మే 12న మళ్ళీ కంపించింది. ఒక్క సింధుపాల్చోక్ జిల్లాలోనే మూడున్నర వేలమందికి పైగా చనిపోయారని చదివి, సంఘంలో కానుకలు పట్టాం. పిల్లలు కోచింగ్ ఖర్చుల్లోంచి తీసి ఇచ్చారు. ఆ డబ్బు పంపితే సరిపోయేది. కానీ వెళ్ళాలని నాకుంది. మనసులో మాట చెప్పాలంటే, వెళ్ళొచ్చి సాక్ష్యం చెప్పాలని ఉంది.

సంఘంలో కొందరం జట్టుగా వెళ్దామనుకున్నాం. బయల్దేరే ముందు ఆదివారం కూటంలో నేను మాట్లాడాను. మాది నెల్లూరు. జాన్ రంగయ్యగారి కథ చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాను. నేటాల్ చెరుకు తోటలకీ తేయాకు తోటలకీ కూలికి వెళ్ళిన తెలుగువాళ్ళ మధ్య పరిచర్య కోసం 1903లో తెలుగు బాప్టిస్టులు తమ సొంత మిషనరీ సొసైటీ తరఫున ఆయన్ని దక్షిణాఫ్రికా పంపారు. ఆ సంవత్సరమే కియర్స్‌నీ తేయాకు తోటల దగ్గర సంఘం మొదలైంది. అమెరికావాళ్ళు నెల్లూరొచ్చి సువార్త చెబితే, నెల్లూరు నుంచి మనవాడు సముద్రం దాటి వెళ్ళాడని ఆవేశంగా చెప్పాను. ఆ వరసలో ఇప్పుడు మేము అన్నట్టు ముగించాను. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ నమ్మాను.

ట్యాంక్ రోడ్డు హోల్‌సేల్ షాపుల్లో జీన్స్ ప్యాంట్లు మూటలు కొన్నాం, చవగ్గా వచ్చాయని. వాటితోపాటు దుప్పట్లు. విమానంలో ఎక్కువ బరువుకి కట్టిన డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ బాధే. యేసు జీవితం మీద నేపాలీలో బొమ్మల పుస్తకాలు కూడా సంపాదించాను. ఒక్కో దుప్పటి మడతలో ఒక్కోటి పెట్టాను, అది నా సొంత ఆలోచన.

ఖాట్మండూలో దిగాక తెలిసింది, ఎలాంటి సమయంలో వచ్చామో. సెప్టెంబర్ 20న వాళ్ళ కొత్త రాజ్యాంగం వచ్చింది. దక్షిణాన తరాయి మైదానాల్లో గొడవలు, సరిహద్దులో లారీలు ఆగిపోయాయి. పెట్రోలు లేదు, వంటగ్యాసు లేదు. ఇదంతా ఇండియా పనే అని జనం మండిపడుతున్నారు. పైగా దశైఁ, అంటే మన దసరా. దేశం దేశమంతా సొంతూళ్ళకి వెళ్ళే పండగ. ఉన్న కాసిని బస్సుల్లో పైకప్పు మీద కూడా మనుషులే. పండక్కి ఇల్లు చేరాల్సినవాళ్ళ సీట్లలో మేమూ మా మూటలూ కూర్చున్నాం. మమ్మల్ని తీసుకెళ్ళడానికి వచ్చిన పాస్టర్‌గారు చెవి దగ్గరకొచ్చి, "దాజు, బస్సులో హిందీ కాస్త నెమ్మదిగా మాట్లాడండి" అన్నారు. దాజు అంటే అన్న.

మేము వెళ్ళింది సింధుపాల్చోక్‌లో ఒక ఊరికి. ఆ ఊళ్ళో అందరూ తామాంగ్ తెగవాళ్ళు. రేకుల కిందా టార్పాలిన్ల కిందా ఉంటున్నారు. మేము ఢిల్లీలో అచ్చువేసుకొచ్చిన కార్యక్రమంలో "ఆదివారం ఆరాధన" అని ఉంది. నేపాల్లో అప్పుడు వారాంతపు సెలవు శనివారం, ఆదివారం అందరూ పనికి వెళ్ళేవాళ్ళు, అందుకే సంఘాలు శనివారం కూడుకునేవి. ఏప్రిల్ 25 శనివారం. భూమి కదిలింది మధ్యాహ్నం పన్నెండుకి కాసేపు ముందు. దేశంలో ఎన్నో సంఘాలు సరిగ్గా అప్పుడు ఆరాధనలో ఉన్నాయి. ఆ ఊరి ప్రార్థన మందిరం గోడ కూడా అలాగే కూలింది. ఇది కూడా తెలుసుకోకుండా వాళ్ళని ఓదార్చడానికి వెళ్ళాను. పాస్టర్‌గారు మా కాగితం చూసి, మడిచి జేబులో పెట్టుకున్నారు. ఏమీ అనలేదు.

గ్యాసు లేదు గనక మా జట్టంతటికీ ఆయన భార్య కట్టెల పొయ్యి మీద వండింది. ఆ కట్టెలు చలికాలానికి దాచుకున్నవని మాలో ఒక అమ్మాయికి రెండో రోజు తెలిసింది. ఆ అమ్మాయి అప్పట్నించీ పొయ్యి దగ్గరే కూర్చుని పని చేసింది. మా అందరిలో నిజంగా పరిచర్య చేసింది తనే అనిపిస్తుంది. జీన్స్ ప్యాంట్లు పంచితే కుర్రాళ్ళు తీసుకున్నారు. నడుముకి గుడ్డ చుట్టుకునే ముసలమ్మలు వాటిని చేత్తో తడిమి, మర్యాదకి నవ్వి, పక్కన పెట్టారు. వాళ్ళకి కావాల్సింది జింకు రేకులు.

దుప్పట్లు పంచే ముందు రాత్రి, పాస్టర్‌గారు టార్చిలైటు వెలుగులో మూటలు విప్పి మడతల్లోంచి పుస్తకాలు తీస్తూ కనిపించారు. ఎందుకని అడిగాను. "సాయంలో ఇది దొరికితే, మతం కోసమే దుప్పటి ఇచ్చాం అని ఊళ్ళోవాళ్ళు అంటారు. రేపు నీళ్ళ కుళాయి దగ్గర నా భార్య వాళ్ళతోనే నిలబడాలి" అన్నారు. నాకు కోపం వచ్చింది. ఇంత పిరికి విశ్వాసమా అనుకున్నాను. ఆయన పక్కన పెట్టిన కట్టలోంచి కొన్ని పుస్తకాలు తీసుకుని, మర్నాడు ఆయన కంట పడకుండా ఊరి పిల్లలకి ఇచ్చాను. వాళ్ళు బొమ్మలు చూసి ఎగిరి గంతులేశారు. తిరిగొచ్చాక కరోల్ బాగ్‌లో నేను చెప్పిన సాక్ష్యంలో అందరికీ నచ్చిన ఘట్టం అదే.

మరుసటి ఏడాది జూన్‌లో ఒక వార్త చదివాను. సింధుపాల్చోక్ పక్క జిల్లా దోలఖాలో, చరికోట్ అనే చోట, ఎనిమిదిమంది క్రైస్తవుల్ని అరెస్టు చేశారు. భూకంపంతో భయపడిపోయిన పిల్లలకి ధైర్యం చెప్పే కార్యక్రమంలో యేసు కథ బొమ్మల పుస్తకం ఇచ్చారన్నది నేరం. కొత్త రాజ్యాంగం వచ్చాక అలాంటి కేసు అదే మొదటిది. ముందు ఆ ప్రభుత్వం మీద కోపం వచ్చింది. ఆ ఎనిమిదిమంది కోసం ప్రార్థన చేశాను కూడా. భోజనం చేశాను, పిల్లల హోంవర్క్ చూశాను. పడుకున్నాక 'పిల్లలు, బొమ్మల పుస్తకం' అన్న రెండు మాటలూ ఒకచోటికి వచ్చాయి.

నేను ఇచ్చిన పుస్తకాలు ఆ ఇళ్ళల్లో ఎనిమిది నెలలుగా ఉండి ఉంటాయి. ఏ పోలీసైనా ఎవరిచ్చారని అడిగితే, పిల్లలకి నా పేరు తెలియదు. పాస్టర్‌గారి ఇంటికొచ్చినవాళ్ళు అని చెబుతారు. ఆయన ఒద్దన్న పని చేసింది నేను, దానికి జవాబు చెప్పాల్సింది ఆయన. ఆ ఎనిమిదిమందీ నేపాలీలే. టార్చిలైటు దగ్గర నేను పిరికితనం అనుకున్నది, తన మందని కాపాడుకునే కాపరి జాగ్రత్త. నా దగ్గర ఉన్నది ధైర్యం కాదు, తిరుగు టికెట్టు. ఆ రాత్రి ఆయన్ని మనసులో తిట్టుకున్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

పొద్దున్నే ఫోన్ చేసి చెప్పేశాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "జయమసీహ్ దాజు. పిల్లలు ఆ మర్నాడే తెచ్చి చూపించారు. నేనే తీసుకుని దాచాను" అన్నారు. చరికోట్ వాళ్ళని ఆ డిసెంబర్‌లో నిర్దోషులని విడిచిపెట్టారు. కానీ 2018 ఆగస్టు నుంచి మతమార్పిడి చేస్తే అయిదేళ్ళదాకా జైలు అనే చట్టం అమల్లోకి వచ్చింది. విదేశీయుడైతే శిక్ష అయ్యాక దేశం నుంచి పంపేస్తారు. అక్కడివాళ్ళు శిక్ష అయ్యాక అదే ఊళ్ళో, అదే కుళాయి దగ్గర బతకాలి.

రంగయ్యగారి కథని మళ్ళీ సరిగ్గా చదువుకున్నాను. ఆయన వెళ్ళింది తన భాష మాట్లాడేవాళ్ళ దగ్గరికి. 1915లో కన్నుమూసేదాకా ఆయన బతుకు ఆ కూలీల సంఘాలతోనే ముడిపడి ఉంది. వీడ్కోలు సభలో సముద్రం దాటడం గురించి గొప్పగా చెప్పాను, ఉండిపోవడం గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

ఇంకొకటి ఉంది. ఆ ఊరు వదిలే రోజు పాస్టర్‌గారు నన్ను ఒకటే అడిగారు. ఆయన అక్క కొడుకు కరోల్ బాగ్‌లోనే ఒక హోటల్ వంటింట్లో పనిచేస్తున్నాడట, కుర్రాడు ఒంటరిగా ఉన్నాడు, వీలైతే ఒకసారి పలకరించమన్నారు. హోటల్ పేరు డైరీలో రాసుకున్నాను. అది మా ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరం. పుస్తకాల సంగతి ఆయనకి ఫోన్‌లో చెప్పిన రోజు సాయంత్రం డైరీ వెతికి, హోటల్‌కి వెళ్ళాను. ఆ అబ్బాయి ఫిబ్రవరిలోనే మానేసి మలేషియా వెళ్ళిపోయాడని మేనేజరు చెప్పాడు. ఆ సంగతి చెప్పడానికి పాస్టర్‌గారికి మళ్ళీ ఫోన్ చేశాను. ఆయనకి ముందే తెలుసు.