పసుపు చెప్పలేనిది

తెనాలి దగ్గరి ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఏడో తరగతికి ఆమ్లాలు, క్షారాల పాఠం జరుగుతుంటే వెనక బెంచీలో కూర్చున్నాను. మేడమ్ గ్లాసు నీళ్లలో చిటికెడు పసుపు కలిపి, తాంబూలంలో వేసుకునే సున్నం కాస్త వేశారు. నీళ్లు ఎర్రబడ్డాయి.

"దిష్టి నీళ్లు!" క్లాసంతా ఒక్కసారే అరిచింది.

"దిష్టి తర్వాత తీద్దాం. ఇందులో నిమ్మకాయ పిండితే ఏమవుతుందో ముందు చెప్పండి" అన్నారావిడ. అందరూ తలో మాటా చెప్పేదాకా పిండలేదు. రసం పడినచోట పసుపు మచ్చ తేలి, వెంటనే ఎరుపులో కలిసిపోయింది. కాయ సగం అయ్యేసరికి గ్లాసంతా మళ్లీ పసుపే!

చాలామంది ఇక్కడే చప్పట్లు కొట్టించి పాఠం ముగిస్తారు. ఈవిడ ఇంకో రెండు గ్లాసులు తెచ్చారు. ఒకదాంట్లో ఉప్పునీళ్లు, ఒకదాంట్లో నిమ్మనీళ్లు. రెండిట్లోనూ పసుపు వేసి, "ఏది పులుపో నాలుక పెట్టకుండా చెప్పండి" అన్నారు. రెండూ ఒకే రంగు. పిల్లలు మొహాలు చూసుకున్నారు. పసుపులోని కర్కుమిన్ క్షారం తగిలితేనే ఎర్రబడుతుంది. ఆమ్లానికీ, మామూలు నీళ్లకూ తేడా చెప్పలేదు. నాకు ఆ రోజు నచ్చిన ఘట్టం ఇదే. సూచిక ఎక్కడ పనికిరాదో చూపించాకే, ఇంకోటి ఎందుకు కావాలో పిల్లలకు తెలిసింది.

అప్పుడొచ్చింది మందార. వేడినీళ్లలో నానేసిన రేకుల రసం నిమ్మనీళ్లలో ముదురు గులాబీ రంగుకు తిరిగింది, చాకలి సోడా నీళ్లలో ఆకుపచ్చయింది. 1664లో రాబర్ట్ బాయిల్ వయొలెట్ పూల రసంతో ఇలాంటి మార్పులనే రాసిపెట్టాడు. కొనుక్కొచ్చే లిట్మస్ కూడా మొదట్లో లైకెన్ల నుంచి తీసిన రంగే.

చివర్లో మధ్యాహ్న భోజనం గుడ్డు పెంకును వెనిగర్‌లో వేస్తే బుడగలొచ్చాయి. ఒక కుర్రాడు చాక్‌పీసు ముక్క కూడా వేశాడు. చలనం లేదు.

"ఇదీ సున్నమేగా మేడమ్?"

"కాదురా, ఇది జిప్సం. పెంకులో ఉన్నది కాల్షియం కార్బొనేట్. అందులోంచే గ్యాసొస్తుంది."

వాడు ఊరుకోలేదు. వరండా గోడకున్న పాత వెల్ల పెచ్చు గిల్లుకొచ్చి వేశాడు. అది బుస్సుమంది. మిగతావాళ్లూ వరండాలోకి పరుగెత్తబోతుంటే మేడమ్ గుమ్మానికి అడ్డంగా నిలబడి, "చాలు నాయనా, గోడలు మిగలనివ్వండి" అన్నారు.