పెరట్లో బట్టీ

పిజ్జా మీద నాకు ప్రత్యేకమైన భక్తిశ్రద్ధలేవీ లేవని ముందుగానే మనవి చేసుకుంటాను. రొట్టె మీద టమాటా గుజ్జు పూసి, చీజు చల్లి కాల్చే ఆ పదార్థం కోసం ఎవరైనా నాలుగు వారాలు మట్టి తొక్కుతారంటే నేనూ నమ్మను. నన్ను పట్టి లాగింది దాన్ని కాల్చే గుమ్మటం. నేపుల్స్ నగరపు వంటవాళ్ళు 400 డిగ్రీలు దాటిన వేడిలో, 60 నుంచి 90 సెకన్లలో రొట్టె కాల్చి తీస్తారు. మన ఇళ్ళలోని కరెంటు ఓవెన్లు 250 డిగ్రీల దగ్గరే ఆయాసపడతాయి. ఆ మిగిలిన నూటయాభై డిగ్రీలూ నాలుగు తట్టల మట్టి, నాలుగు పిడికెళ్ళ గడ్డి, కాసిని ఎండుకట్టెలు కలిసి తెచ్చిపెట్టగలవన్న సంగతి తెలిసిన తరువాత ఊరుకోవడం నా వల్ల కాలేదు.

దాని మర్మం చాలా సులువైనది. గుమ్మటం లోపల ఒక పక్కగా కట్టెలు మండుతాయి. మంట పైకెగసి, గుమ్మటం కడుపును నాకుతూ వంగి, ముందరి వాకిలి వైపు సాగుతుంది. అడుగున కాగిన ఇటుక, పైనుంచి గుమ్మటం కుమ్మరించే సెగ, చుట్టూ తిరిగే వేడిగాలి, ఈ మూడూ కలిసి రొట్టెను ఒక్కసారిగా పట్టుకుంటాయి. ఉత్తరాది తందూరు నిలువుగా నిలబెట్టిన కుండ అయితే, ఇది బోర్లించిన కుండ. మంటకు మట్టి ఇల్లు కట్టడం మనకేమీ కొత్త కాదు. కుమ్మరి ఆవం, కమ్మరి కొలిమి, పెళ్ళిళ్ళలో తవ్వే గాడిపొయ్యి, పెరటి మూలన పాలు కాగే దాలి, ఇవన్నీ ఈ బట్టీకి దాయాదులే.

అలిపిరిలో ఉంటూ కట్టెల పొయ్యి కట్టుకోవడంలో ఒక చిన్న విచిత్రం ఉంది. మా పెరట్లో నిలబడితే శేషాచలం ఎదురుగా గోడ కట్టినట్టుంటుంది. ఆ కొండ మీది పోటులో, అంటే స్వామివారి వంటశాలలో, తరతరాలుగా లడ్డూలు కట్టెల మంట మీదనే తయారయ్యేవి. 1984లో కట్టెల స్థానంలోకి గ్యాసు వచ్చింది. సరిగ్గా అదే 1984లో, అక్కడ నేపుల్స్‌లో కొందరు వంటవాళ్ళు కలిసి, అసలైన పిజ్జా అంటే కట్టెల బట్టీలో కాలినదేనని ప్రమాణాలు రాసుకుని ఒక సంఘం పెట్టుకున్నారు. 2017లో యునెస్కో కూడా వాళ్ళ విద్యను మానవజాతి వారసత్వ సంపదల జాబితాలో చేర్చింది. ఒక ఊరు కట్టెను వదిలించుకున్న ఏడే మరొక ఊరు కట్టెను కౌగిలించుకుంది. ఎవరిది ఒప్పు అని అడగడం అనవసరం. రోజూ లక్షల్లో లడ్డూలు చెయ్యవలసిన చోట పొగతో, మసితో కుస్తీ పట్టమని ఎవరూ కోరకూడదు.

ఇక కట్టుబడి సంగతి. తిరుపతిలో అసలు వానలు పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. పచ్చి మట్టి ఆరడానికి ఎండ కావాలి కనుక ఫిబ్రవరిలో మొదలుపెట్టాను. 2021 నవంబరులో ఈ ఊరి వీధులు ఏరులై పారడం చూసినవాణ్ణి కాబట్టి ముందు రేకుల కప్పు వేయించి, నడుమెత్తు దిమ్మె కట్టించాను. దిమ్మె కట్టిన మేస్త్రి పైన గుమ్మటం కూడా సిమెంటుతోనే లేపుదామని పట్టుబట్టాడు. "మట్టి ఏం నిలుస్తాది సార్, రెండు వానలకు కూలిపోతాది" అన్నాడు. 300 డిగ్రీలు దాటితే సిమెంటు బలం కోల్పోవడం మొదలుపెడుతుందని చెప్పి, అతన్ని దిమ్మె దగ్గరే ఆపాను. మరి అడుగున కడపబండ పరుద్దామన్నాడు. కడపబండ నట్టింటికి అందమే కానీ నిప్పుకు పనికిరాదు. పొరలు పొరలుగా ఉండే సున్నపురాయి అది, ఒక్కసారిగా కాగితే పెచ్చులూడి లేస్తుంది. కొలుములకు వాడే ఫైర్ బ్రిక్కులు తెప్పించి పరిచాను. వాటి కింద నాలుగంగుళాల మందాన వరి ఊక బూడిదను బంకమట్టి నీళ్ళతో కలిపి మెత్తాను. ఈ బూడిదను మించిన ఉష్ణనిరోధకం ఇంత చవగ్గా దొరకదు. రైసుమిల్లుల దగ్గర గుట్టలు గుట్టలుగా పడి ఉంటుంది.

గుమ్మటానికి అచ్చు ఇసుకే. 32 అంగుళాల అడ్డుకొలతతో వలయం గీసి, దాని మీద తడి ఇసుకను సరిగ్గా సగం బంతిలా, 16 అంగుళాల ఎత్తున పోశాను. దాని మీద తడిపిన పాత పత్రికలు కప్పాను. వాటి మీద రెండు పాళ్ళ ఇసుక, ఒక పాలు బంకమట్టి కలిపి తొక్కిన ముద్దలు. ఈ తొక్కుడు దగ్గరే ఇంటిల్లిపాదికీ పని దొరికింది. మట్టి పాకం తెలుసుకోవడానికి నాకు సాయం చేసినవాడు మా వీధిలో ఉండే ఒక పెద్దాయన. వయసులో ఉండగా పలమనేరు వైపు కుండలు చేసినవాడు. పిడికెడు ముద్దను ఉండ చేసి, రొమ్మెత్తు నుంచి నేల మీదికి వదిలాడు. ఉండ పగలనూ లేదు, పరుచుకోనూ లేదు. "ఇది సరిపోతాది సామీ, ఇంగ నీళ్ళు తాకనీబాకండి" అన్నాడు. ఎన్ని పుస్తకాలు చదివినా అంత సూటిగా ఎక్కలేదు.

నాలుగంగుళాల మట్టిపొర ఆరిన తరువాత, గడ్డి కలిపిన మట్టితో మరొక పొర కప్పాను. మొదటిది వేడిని దాచుకునే పొర, రెండవది ఆ వేడిని బయటికి పోనివ్వని దుప్పటి. వాకిలి ఎత్తుకు ఒక లెక్క ఉంది. కెనడాలోని క్విబెక్ ప్రాంతపు పాత రొట్టె బట్టీల కొలతల నుంచి ప్రచారంలోకి వచ్చినది. వాకిలి ఎత్తు గుమ్మటం లోపలి ఎత్తులో 63 శాతం ఉండాలి. అంతకన్నా ఎత్తయితే వేడి నిలవదు, తక్కువైతే మంటకు ఊపిరాడదు. నా 16 అంగుళాలకు సరిగ్గా పది అంగుళాలు వచ్చింది. గోడ గట్టిపడ్డాక అంత వాకిలి కోసి, గర్భంలోని ఇసుకను దోసిళ్ళతో తోడి బయట పోస్తుంటే, గుమ్మటం కూలకుండా నిలబడి ఉండటం చూసి మేస్త్రి కాసేపు మాట్లాడలేదు. కొండ దిగివచ్చిన కోతులు మాత్రం ఆ ఇసుకగుట్ట ఎక్కి ఉత్సవం చేసుకున్నాయి.

ఈ హడావుడి అంతటిలోనూ మట్టి తొక్కనిది, పెరటి గడప దాటనిది మా అమ్మ ఒక్కతే.

అమ్మ పుట్టింది చంద్రగిరి పక్కన ఒక పల్లెలో. పదేళ్ళ వయసు నుంచి పెళ్ళయ్యే దాకా, వాళ్ళ అవ్వతోనూ, అత్తలతోనూ కొండకు పోయి కట్టెలమోపు నెత్తిన పెట్టుకుని దిగేది. పెళ్ళయ్యాక మోపు తప్పింది కానీ పొయ్యి తప్పలేదు. కిటికీ లేని వంటింట్లో ఊదుగొట్టం పట్టుకుని వానాకాలపు తడికట్టెలతో చేసిన యుద్ధం ఆమె ఎప్పుడూ కథగా చెప్పలేదు. పొయ్యి ముందు గడిపిన ఏళ్ళు దగ్గుగా మారి మా అవ్వను తీసుకుపోయాయని మాత్రం ఒకసారి అన్నది. 1999లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం దీపం పథకం పెట్టి, పేద ఇళ్ళ ఆడవాళ్ళ పేరున గ్యాసు కనెక్షన్లు ఇచ్చింది. మా ఇంటికి సిలిండరు వచ్చిన రోజున అమ్మ వంటింటి మట్టి పొయ్యిని గడ్డపారతో పొడిచి, ఆ మట్టిని తట్టకెత్తి తానే బయట పారబోసింది. పాతది కదా, ఒక మూల ఉండనీ అని నాన్న అన్నా వినలేదు.

అటువంటి మనిషి, కొడుకు పెరట్లో మళ్ళీ పొయ్యి కడుతుంటే ఏమంటుంది? "దుడ్లు పెట్టి పొగ కొనుక్కుంటాండావు నాయనా" అంది. అంతే. ఆ తరువాత ఆ ఊసు ఎత్తలేదు.

నా దగ్గర సమాధానాలు లేకపోలేదు. ఎండిన కట్టె, కాగిన గుమ్మటం ఉంటే పొగ చాలావరకు లోపలే మండిపోతుంది. మొదట మసితో నల్లబడ్డ గుమ్మటం కడుపు, 350 డిగ్రీల ప్రాంతంలో ఆ మసి కూడా కాలిపోయి తెల్లబడుతుంది. బట్టీ ఉన్నది ఆరుబయట. వారానికి ఒకసారి మించి వెలిగించేదీ లేదు. ఇదంతా నిజమే. కానీ అమ్మ మాటకు అది జవాబు కాదని నాకు తెలుసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020 సంవత్సరంలో వంటింటి పొగ, తదితర ఇంటి కాలుష్యాల వల్ల పోయిన ప్రాణాలు 32 లక్షలు. కట్టెల పొయ్యి మీది వంట కమ్మదనం గురించి రాసేవాళ్ళలో ఎక్కువమంది ఊదుగొట్టం ఊదనివాళ్ళేనని నా అభిప్రాయం. వడ్డించిన విస్తరి ముందు కూర్చుని పొగను పొగడటం తేలిక. నాకు ఈ మంట వినోదం, ఇష్టం లేని రోజున ఆర్పేసి పడుకోవచ్చు. అమ్మకు ఆ సౌకర్యం ఎప్పుడూ లేదు. రెండూ ఒకే నిప్పని ఆమెకు చెప్పే సాహసం నేను చెయ్యలేదు.

కట్టెల కోసం కొండ వైపు చూడలేదు. శేషాచలం రక్షిత అడవి. ఎర్రచందనం పుణ్యమా అని అక్కడ పుల్ల విరిస్తే పది కళ్ళు చూస్తుంటాయి, చూడాలి కూడా. ఊళ్ళోని కట్టెల అడితిలో సరుగుడు దొరుకుతుంది. తోటలు తిరగేసేటప్పుడు కొట్టిన పాత మామిడిచెట్ల కట్టె ఈ జిల్లాల్లో కొదవ లేకుండా వస్తుంది. నిదానంగా, నిలకడగా మండటానికి చింతమొద్దు మేలు.

మొదటి వారమంతా చెమ్మ పోవడానికి రోజూ గుప్పెడు పుల్లలతో చిన్న మంటలే వేశాను. వెంట్రుకవాసి బీటలు రెండు కనిపించాయి. అదే మట్టితో పూడిస్తే పూడాయి. ఎనిమిదో రోజున పెద్ద మంట వేశాం. రెండు గంటలకు కడుపు తెల్లబడింది. మొదటి పిజ్జా అంచు మాడింది, రెండవది కుదిరింది, మూడవదాన్ని గురించి పిల్లలు ఇప్పటికీ చెప్పుకుంటారు. అమ్మ లోపల టీవీ చూస్తూ రసం అన్నం తిన్నది.

అసలు విశేషం మర్నాడు జరిగింది. నిప్పులు తోడేసి, చెక్క తలుపు మూసి ఉంచిన గుమ్మటం పొద్దున్నకు కూడా లోపల చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. ఆ మాట నేను ఎవరితోనో ఫోనులో చెబుతుంటే అమ్మ విన్నట్టుంది.

"నిప్పు లేదా?"

"లేదమ్మా. వట్టి వేడే."

"పొగ?"

"నిప్పే లేనప్పుడు పొగెక్కడిది?"

కాసేపటికి పాలు పోసిన ఒక చిన్న మట్టికుండ, దాని మీద మూకుడు, వంటింటి గట్టు మీద కనిపించాయి. పెట్టి రమ్మని నన్ను పురమాయించింది. తాను గడప దగ్గరే ఆగింది. మధ్యాహ్నం తీసి చూస్తే మీగడ దాలి పాలకు కట్టినట్టే ఎర్రగా, మందంగా కట్టి ఉంది. అమ్మ గరిటెతో ఒక అంచున కదిపి చూసి, వాసన చూసి, తోడు వెయ్యడానికి లోపలికి తీసుకుపోయింది.

ఇప్పుడు ఆదివారం పెరుగు కోసం శనివారం సాయంత్రం బట్టీ వెలిగించడం మా ఇంట్లో అలవాటయింది. పిజ్జా ఉన్నా లేకపోయినా. వచ్చే వారం పాలకుండ పక్కన గెనుసుగడ్డలు కూడా పెట్టమంది. గడప మాత్రం ఇంకా దాటలేదు.