చిల్లే అక్షరం

పెదనాన్న పోయాక ఆయన పంచాంగాల దొంతర సర్దుతుంటే ఒకదాంట్లోంచి లేత పసుపు అట్టముక్క జారిపడింది. ఏడున్నర అంగుళాలకు కాస్త తక్కువ పొడవు, మూడుంపావు వెడల్పు, ఒక మూల కత్తిరింపు, ఒంటినిండా సన్నటి నిలువు చిల్లులు. వెనకవైపు పెన్సిలుతో పాలవాడి లెక్క.

పెదనాన్న హైదరాబాదులో ఒక ఆఫీసు పంచింగ్ సెక్షన్‌లో చేసేవారు. ఇది యంత్రం చదవడానికి చిల్లులు కొట్టిన పంచ్ కార్డు. ఇందులో 80 నిలువు వరసలు, వరసకు 12 చోట్లు. అంకెకు ఒక చిల్లు, ఇంగ్లీషు అక్షరానికి రెండు. ఈ 80 వరసల అమరిక ఐబీఎం 1928లో తెచ్చింది. తాటాకు గ్రంథంలోనూ చిల్లుంటుంది. కాకపోతే అక్కడ గంటం దాన్ని తప్పుకుని పోతుంది, అది తాడుకు వదిలిన జాగా. ఇక్కడ చిల్లే అక్షరం.

ఈ ఉపాయం హెర్మన్ హాలరిత్‌ది. ఆయన యంత్రాలు 1890 అమెరికా జనాభా లెక్కలు తేల్చాయి. ఒకరి టికెట్టుతో ఇంకొకరు ఎక్కకుండా, ప్రయాణికుడి జుట్టు రంగూ ముక్కు తీరూ రైలు కండక్టరు టికెట్టు మీద చిల్లులతో గుర్తుపెట్టడం చూస్తే ఆయనకిది తట్టిందట. మన ఆర్టీసీ కండక్టర్లూ టిక్కుటిక్కుమంటూ చిల్లులు పొడిచినవాళ్లే. వాళ్లకు మన ముక్కుతో పనిలేదు, దిగే స్టేజీ తెలిస్తే చాలు.

పొడిచిన చిల్లును పూడ్చలేం. తప్పు పడితే, అక్కడిదాకా ఉన్నది డూప్ మీటతో కొత్త కార్డులోకి దింపుకుని మిగతాది మళ్లీ కొట్టాలి. అందుకే ఒకరు కొట్టిన కార్డును రెండోవారు వెరిఫైయర్‌లో పెట్టి, అదే కాగితం చూస్తూ మొదటినుంచీ కొట్టేవారు. ఇద్దరి లెక్కా కలిస్తే కుడి అంచున చిన్న గాటు పడుతుంది. మూడోసారి కొట్టినా కలవకపోతే ఆ వరస నెత్తిన గాటు. పక్కవాడి పనిని ఇంత మర్యాదగా అనుమానించే ఏర్పాటు నేను మరెక్కడా చూడలేదు.

నన్ను కట్టిపడేసింది మాత్రం కార్డులను క్రమంలో సర్దే యంత్రం, సార్టరు. ఐబీఎం 083 అయితే నిమిషానికి 1000 కార్డులు 13 అరల్లోకి విసిరేది. ఒక విడతకు ఒక్క నిలువు వరసనే చూస్తుంది. మరి మూడంకెల సంఖ్యలు ఎలా సర్దుతుందని ఒకసారి పెదనాన్న నన్నడిగారు. ముందు వందలు చూస్తుందన్నాను. పెదనాన్న నవ్వి, పాత పెళ్లి శుభలేఖల వెనక 312, 231, 213 అని రాసి నేలమీద పరిచారు. ముందు ఒకట్ల స్థానం: 231, 312, 213. ఆ వరస చెదరనివ్వకుండా పదులు: 312, 213, 231. ఇదేం సర్దడం, పెద్దది ముందుకొచ్చింది కదా అని నేను గోల. "ఆగరా" అన్నారు. వందల స్థానం చూసేసరికి 213, 231, 312. చివరి విడతదాకా అంతా కలగాపులగంగానే కనబడుతుంది. వందలతో మొదలుపెడితే గుట్టలో గుట్టగా బల్లంతా నిండిపోతుందనీ, కొసనుంచి వస్తే విడతకో కట్టే మిగులుతుందనీ అప్పుడు చెప్పారు.

పెట్టెకు 2000 కార్డులు. చేతిలోంచి జారితే? ఫోర్‌ట్రాన్ భాషలో ప్రోగ్రాములు రాసేవాళ్లకు 73 నుంచి 80 వరకూ ఉన్న వరసల్లో క్రమసంఖ్య కొట్టుకునే వీలుండేది. ఆ ఓపిక లేనివాళ్లు కట్ట అంచుమీద ఏటవాలుగా ఒక గీత గీసి పెట్టుకునేవారు. గీత తెగితే కార్డు స్థానం తప్పినట్టే. తాడులేని తాటాకులకు అంతకన్నా దిక్కేముంది!

పంచాంగంలో దొరికిన కార్డు కుడి అంచు వేలితో తడిమి చూశాను. గాటు లేదు. పైన, సుమారు నడుమ, గోటికి తగిలేంత గాటుంది. పెదనాన్న పొరపాటో, ఆయన పట్టుకున్న ఇంకొకరి పొరపాటో. ఏదైతేనేం, పాల లెక్కకు పనికొచ్చింది. నాలుగు రోజులు అరలీటరు, అయిదోరోజు నాగా.