అవతలివాళ్ల ఇన్‌బాక్స్

ఆదోనిలో ఓ దూది వ్యాపారి ఆఫీసులో మూడు సీజన్లు పనిచేశాను. ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో వెళ్లిరావడం, దాదాపు 30 కిలోమీటర్లు. మార్కెట్ యార్డులో పత్తి ఏ రేటుకు పోయిందో చూసి, మా దూది క్యాండీ ధర ఎంతో మిల్లులకి మెయిల్ చేయడం నా పని. క్యాండీ అంటే సుమారు 356 కిలోలు. 170 కిలోల బేళ్లు 100 ఎత్తిన లోడు మీద, క్యాండీకి 200 రూపాయలు తగ్గితే తొమ్మిది వేలు పైనే పోతాయి. కాబట్టి ఒకరికి చెప్పిన ధర ఇంకొకరికి తెలియడమంటే మా యజమానికి భయం. ఆ భయంలో అబద్ధమేం లేదు.

కాకపోతే అది మా దగ్గరికి ఇలాంటి ఆర్డర్లుగా వచ్చేది. “ఎవరూ రిప్లై ఆల్ కొట్టకుండ చూసుకోవల్ల.” “ఈ మెయిల్ వాళ్లు ఇంగొకరికి పంపకూడదు, ఏమన్నా సెట్టింగ్ పెట్టప్పా.” “సాయంత్రం అయిదుకల్లా అందరూ జవాబు ఇయ్యల్ల, ఎస్సో నోనో ఒక్క ముక్కలో.”

వింటే నవ్వొస్తుంది. నవ్వే వీలు లేకుండా పోయిన రోజు ఒకటుంది. పోటీ కనబడితే రేటు పెరుగుతుందని, మిల్లుల అడ్రసులన్నీ అందరికీ కనబడేట్టు పెట్టమన్నది యజమానే. నా పక్క సీటు అమ్మాయి అలాగే పంపింది. ఓ మిల్లు అకౌంటెంట్ రిప్లై ఆల్ కొట్టి, తాను అడిగే తక్కువ ధర అందరికీ చూపించాడు. సాయంత్రంలోగా మిగతావాళ్లూ అదే ధర అడిగారు. లోపలికి పిలిచింది మాత్రం ఆ అమ్మాయిని. ఆ నెల జీతంలో కోత పెడతామన్నారు.

ఆఫీసుల్లో ఈ తంతు మామూలే. అవతలివాళ్ల మీద పెత్తనం కుదరదు కాబట్టి, ఆ కోపం సెండ్ నొక్కినవాళ్ల మీదికి దిగుతుంది. “సరే సార్, చూసుకుంటాం” అన్నామంటే చేతకాని పనికి పూచీ పడ్డట్టే. అందుకే ఆ రాత్రి ఇంట్లో కూర్చుని ఓ కాగితం రాశాను. మన చేతిలో ఉన్నవి ఒక వైపు, లేనివి ఒక వైపు.

లేనివాటి వైపు త్వరగానే నిండింది. జీమెయిల్లో పంపినదాన్ని ఆపుకోడానికి దొరికే గడువు ఎంత పొడిగించుకున్నా 30 సెకన్లు. అవుట్‌లుక్‌లో వెనక్కి పిలిచే సదుపాయం ఒకే సంస్థ లోపల తప్ప బయటి అడ్రసుల మీద పనిచేయదు. చదివినట్టు రసీదు అడగొచ్చు, ఇవ్వనని అవతలి మనిషి అనొచ్చు. ఫార్వర్డ్ కాకుండా తాళం వేసినా ఫోన్‌తో స్క్రీన్‌ని ఫొటో తీసుకుంటే ఆపేదెవరు? చట్టం కూడా దీన్ని ఒప్పుకుంటుంది. వేరే ఒప్పందం లేనప్పుడు, పంపినవాళ్ల అదుపులో లేని కంప్యూటర్ వ్యవస్థలోకి చేరినప్పుడే ఎలక్ట్రానిక్ రికార్డు పంపినట్టు లెక్క అంటుంది 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం, 13వ సెక్షన్. మన అదుపు దాటడాన్నే చట్టం పంపడం అంటోంది.

ఉన్నవాటి వైపు ఒక్కో ఆర్డర్‌నీ తిప్పి రాశాను: అసలు భయం దేని గురించి? రిప్లై ఆల్ గురించి కాదు, ఒకరి ధర ఇంకొకరు చూడటం గురించి. అయితే ఒక్కో మిల్లుకి విడిగా మెయిల్ పంపితే సరి. మెయిల్ మెర్జ్‌తో పది నిమిషాల పని. కనీసం బీసీసీలో పెట్టినా మిల్లులు ఒకరికొకరు కనబడరు. అయిదుకల్లా జవాబు రావాలన్నదాని వెనకున్న భయం, పాత ధరకి రేపు ఎవరో ఒప్పుకుంటారేమోనని. దానికి “ఈ ధర ఈరోజు సాయంత్రం 5 గంటల వరకే” అని రాస్తే చాలు. గడువు దాటితే ప్రతిపాదన రద్దయినట్టేనని 1872 కాంట్రాక్టు చట్టం 6వ సెక్షన్లోనే ఉంది.

మర్నాడు కాగితం చూసి యజమాని ఇంకో మెలిక పెట్టాడు. “జవాబు రాకుంటే ఒప్పుకున్నట్టే అని రాయప్పా.” ఇంగ్లండులో ఓ మనిషి ఇదే పని చేశాడు. ఇంకేం కబురు రాకపోతే నీ గుర్రం నాదే అనుకుంటానని తన బంధువుల అబ్బాయికి ఉత్తరం రాశాడు. 1862లో కోర్టు కుదరదంది, అవతలి మనిషి మౌనాన్ని ఒప్పుకోలుగా మార్చే హక్కు ఉత్తరం రాసినవాడికి లేదని. ఇది చెప్తే యజమాని కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. గుర్రం కథ ఆయన్ని కదిలించలేదు.

చివరికి మా ఊరి సంగతి ఎత్తాను. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు మాది. మగ్గం ఉన్న ఇళ్లలో పెరిగినవాళ్లకి కూలీ లెక్క తెలుసు. “సార్, బట్ట అప్పజెప్పేటప్పుడు మడత విప్పి చూస్తారు. పోగు తెగి ఉంటే కూలీ తగ్గించుకోండి, న్యాయమే. ఆ చీర కొన్న ఆమె కట్టుకోలేదని నేసినోని కూలీ కోస్తారా? ఆ అమ్మాయి పంపిన మెయిల్లో మీరు చెప్పని మాట ఒక్కటుంటే చూపించండి.”

“మెయిల్‌కీ మగ్గానికీ ఏం సంబంధమప్పా” అన్నాడు. ఆ అమ్మాయి జీతం మాత్రం పూర్తిగానే వచ్చింది. తప్పు తనదని ఆయన అనలేదు, అంటాడని మేమూ ఎదురుచూడలేదు. ఆర్డర్లూ ఆగలేదు. మారింది మేం జవాబు చెప్పే తీరు. “అది మన చేతిలో లేదు సార్, ఇది చేయగలం” అని వెంటనే, మెయిల్లోనే చెప్పేవాళ్లం. నోటిమాటగా చెప్పింది తర్వాత ఎవరికీ గుర్తుండదు.

ఆ అమ్మాయి ఓ రిజిస్టరు మొదలుపెట్టింది. ఎవరికి, ఏ ధర, ఎన్ని గంటలకు పంపాం, ఎవరు చెప్తే పంపాం. చివర ఇంకో గడి: ఫోన్ చేశామా? అయిదు దాటినా జవాబు రాని మిల్లుకి ఒకసారి ఫోన్ చేసేది. ఎత్తితే మాట్లాడేది. ఎత్తకపోతే “ఎత్తలేదు” అని రాసి, తన బస్సు టైముకి వెళ్లిపోయేది.