సోమవారం పలకరింపు

లిస్బన్‌లో ఉన్న నెల్లాళ్లలో నాకు బాగా పట్టుబడ్డ పోర్చుగీసు వాక్యం ఒక్కటే: "కోము ఫొయ్ ఉ సేవు ఫిం ద సెమాన?" 'మీ వారాంతం ఎలా గడిచిందండీ?' అని. సోమవారం పొద్దున అలా పలకరించడం మర్యాద. వాళ్ల సోమవారానికి చంద్రుడితో పనిలేదు. 'సెగుంద' అంటారు, అంటే రెండోది. శుక్రవారం దాకా అన్నీ అంకెలే. శని, ఆదివారాలకు మాత్రమే పేర్లు! మరి వాటి సంగతి అడగరూ?

మా వీధి రొట్టెల దుకాణంలో ఒక పెద్దావిడ ఉండేది. ప్రతి సోమవారం అడిగేవాణ్ణి. "బాగుంది" అనేది. నా భాషకు నేనే మురిసిపోయేవాణ్ణి.

చివరి సోమవారం ఆవిడ వెంటనే పలకలేదు. కొడుకు వస్తానని రాలేదట. ఇద్దరికి సరిపడా ఉప్పుచేప వండి, ఒక్కతే తిన్నదట. మాటలకంటే చేతులతోనే ఎక్కువ చెప్పింది. ఆఖరున, "ఇ ఉ సేవు?" అన్నది. మరి మీది?

ఇన్నాళ్లూ అడగడమే నేర్చుకున్నాను గాని, చెప్పడం నేర్చుకోలేదు. తెలిసిన ఒక్క మాటా అన్నాను: "సొజీన్యు." ఒంటరిగా, అని.

ఆవిడ నా పొట్లంలో ఇంకో రొట్టె వేసింది. డబ్బు పుచ్చుకోలేదు.

మన అల్మారా, బాల్చీ వాళ్ల మాటలే. ఈ పలకరింపునూ తెచ్చుకోవచ్చు, జవాబు వినే తీరిక ఉంటే.