అయిదడుగుల దారి



2019వ సంవత్సరంలో నేను మా అమ్మాయిని చూడటానికి మలేషియాలోని పెనాంగు ద్వీపానికి వెళ్ళాను. అక్కడి పట్నం పేరు జార్జి టౌను. ఒకనాటి సాయంత్రం మనుమడితో బజారుకు వెళితే పెద్ద వాన పట్టుకున్నది. నేను గొడుగు మరచిపోయాను. మనుమడు నవ్వి, "గొడుగెందుకు తాతయ్యా, ఇటు రండి!" అని నన్ను ఇళ్ళ ముందుకు లాగాడు.

అక్కడి పాత ఇళ్ళు వింతగా వుంటాయి. క్రింద దుకాణం, పైన కాపురం. ఇంటికీ ఇంటికీ మధ్య సందు వుండదు. ఇరుగు పొరుగులకు ఒకటే గోడ. దూలాలు ఆ గోడల మీదనే ఆనుతాయి. వీధివైపు వెడల్పు ఇరవై అడుగులకు అటూ ఇటూగా వుంటుంది; లోపలికి మాత్రం రైలుపెట్టెలాగా పొడుగు. మరి నడిమి గదులకు వెలుతురు ఎలాగ? మన మండువా ఇంటిలోలాగే, మధ్యలో కప్పు వేయకుండా కొంత చోటు వదిలారు. వేడిగాలి తేలిక గనుక అందులోనుంచి పైకి పోతుంది. చల్లగాలి వీధిలోనుంచి లోపలికి వస్తుంది.

మేడగది ముందుకు వచ్చి స్తంభాల మీద నిలుస్తుంది. దాని క్రింద, దుకాణం ముందు, నడిచేవారికి దారి. మలయ్ భాషలో దాన్ని 'కాకి లిమా' అంటారు. కాకి అంటే మన నల్లకాకి కాదు సుమా! కాకి అంటే అడుగు, లిమా అంటే అయిదు. 1822లో సింగపూరు పట్నానికి పథకం వేయించినప్పుడు, రాఫిల్సు దొర ప్రతి ఇంటి ముందూ ఇటువంటి నీడదారి వుండాలని ఆదేశించాడు. ఆ పద్ధతి మలయా పట్నాలకు కూడా పాకింది. స్థలం ఇంటివారిది, నడక అందరిదీ. 2008లో యునెస్కో వారు జార్జి టౌనునూ, మలక్కానూ ప్రపంచ వారసత్వ స్థలాలలో చేర్చారు.

పది ఇళ్ళ దాకా చుక్క తడవకుండా నడిచాము. పదకొండో ఇంటి ముందు ఎవరో పెట్టెలు పేర్చి దారి మూసేశారు. రోడ్డు మీదికి దిగక తప్పలేదు. ఒక మోటారు సైకిలు నా పంచె నిండా బురద చిమ్మిపోయింది.

"ఎంత స్వార్థం!" అన్నాను కోపంగా.

"మన వూళ్ళో మీరూ అరుగుకు కటకటాలు పెట్టించారుగా, తాతయ్యా?" అన్నాడు మనుమడు.

నాకు నోట మాట రాలేదు. నిజమే. వాన వస్తే బడిపిల్లలు మా అరుగు మీద తలదాచుకునేవారు. వారి అల్లరికి నా మధ్యాహ్నపు నిద్ర చెడుతున్నదని, ఉద్యోగం విరమించిన ఏడాదే దానికి ఇనుప కటకటాలు బిగించాను. అన్నేళ్ళు పరోపకారం గురించి పాఠం చెప్పినవాణ్ణి!

ఇంటికి తిరిగి రాగానే వాటిని తీయించాను. అల్లరి మళ్ళీ మొదలయింది. నేను నా మంచం పెరటి గదిలోకి మార్చుకున్నాను.

బాలలూ, ఈసారి వాన వచ్చినప్పుడు మీ ఇంటి ముందుకు వచ్చి చూడండి. దారిన పోయేవారు ఒక్కరైనా తడవకుండా నిలబడటానికి చోటు వున్నదా? లేకపోతే, ఎందుకు లేదో మీ నాన్నగారిని అడగండి.