చేవ ఎక్కడుంది?

మా కాకినాడ ఫ్లాట్‌లో సింకు కింద అల్మరా తలుపు మొదటి వానాకాలానికే అప్పడంలా పొంగింది. రెండో వానాకాలానికి అడుగుపలక పొడిపొడిగా రాలిపోయింది. అమ్మినవాళ్లు బిల్లు మీద ‘ఇంజినీర్డ్ వుడ్’ అని రాశారు. ఆ పేరు చూసి అదేదో టేకుకి మేనమామ అనుకున్నాను. దాన్ని విప్పిన వడ్రంగి మేస్త్రి ఒక ముక్క వేళ్ల మధ్య నలిపి, “ఇది చెక్కేంటండీ, పొట్టుకి జిగురు కలిపి వత్తిన పిండివంట” అన్నాడు.

అది పార్టికల్ బోర్డు. దాని గురించి అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. పొడిగా ఉండే గదిలో, పెద్ద బరువు పెట్టని అరకి అది చాలు. నీళ్లు కారే చోట దాన్ని బిగించినవాళ్లది తప్పు. ఏమిటని అడక్కుండా డబ్బు కట్టిన నాది ఇంకా పెద్ద తప్పు.

ఈసారి మేస్త్రిని వెంటబెట్టుకుని కోతమిల్లుకి వెళ్లాను. వెళ్తూనే “అంతా టేకే వేసేద్దాం” అన్నాను. ఇల్లు కట్టే తెలుగువాడి నోట ముందుగా వచ్చే మాట అదే కదా! ఆయన జవాబు చెప్పకుండా ఒక టేకు దుంగ దగ్గరికి తీసుకెళ్లి దాని చివర చూపించాడు. నడుమ తేనెరంగు, చుట్టూ తెల్లటి పట్టీ.

“నడిమిదే చేవండీ. ఈ తెల్లది టేకులో ఉన్నా పురుగుకి అన్నమే.”

అన్నమన్న మాట అక్షరాలా నిజం. బతికున్న చెట్టు నీళ్లు పైకి తోడుకునేదీ, పిండిపదార్థం దాచుకునేదీ ఆ తెల్లచెక్కలోనే. కలపని లోపల్నించి తొలిచి బియ్యప్పిండిలా రాల్చే పురుగులు వచ్చేది ఆ పిండి కోసమే. నడుమ భాగంలో కణాలు ఏనాడో చనిపోయి ఉంటాయి. వాటిలో నూనెలూ, చెదలకి సరిపడని ఇతర పదార్థాలూ చేరి గట్టిపడతాయి. దమ్ములేని మనిషిని చేవ చచ్చినవాడంటాం. చెట్టుకి మాత్రం చచ్చిన చోటే చేవ! లేత వయసులో కొట్టిన తోట టేకులో తెల్లచెక్క పాలు ఎక్కువ. రంగు పూసి పాలిష్ పెట్టాక ఏది ఏదో కొనేవాడికి తెలియదు.

తాటిచెట్టుది మళ్లీ తిరకాసు లెక్క. దాని గట్టితనమంతా బయటి అంచున ఉంటుంది, నడుమ మెత్తటి పీచు. కోనసీమలో మా తాతయ్యగారి పెంకుటింటికి దూలాలు ముదురు తాటివి, గుమ్మాలు వేపవి. వేప మొద్దుల్ని చెరువులో నెలల తరబడి నానేసి, తీసి నీడన ఆరబెట్టాకే రంపం పెట్టేవారట. నానితే పురుగు తినే సారం నీళ్లలోకి దిగిపోతుంది. ఆ ఇంట్లో టేకు ఎక్కడా లేదు. అది లేని లోటు ఎవరూ ఎరగరు. బొబ్బిలి వీణకి పనస, కొండపల్లి బొమ్మకి తెల్లపొణికి, ఏటికొప్పాక లక్కపిడతకి అంకుడు అని చెట్టు గుణం చూసి పని అప్పగించిన జాతి మనది. అపార్ట్‌మెంటుకి మారాక అన్నిటికీ ఒకే పేరు పట్టుకున్నాం.

మేస్త్రి పంపకం ఇలా సాగింది. వీధి గుమ్మానికీ గడపకీ చేవ టేకు. శుక్రవారం శుక్రవారం పసుపునీళ్లు తాగేది గడపే కాబట్టి. లోపలి గుమ్మాలకి బాగా ఆరిన వేప. వంటింటి అల్మరాలకి 710 ముద్ర ఉన్న ప్లైవుడ్. ఆ ముద్ర వేయాలంటే దాని జిగురు 72 గంటలు మరిగే నీళ్లలో నిలిచి తీరాలి. పడకగది బీరువాలకి 303 ముద్ర ప్లైవుడ్ చాలన్నాడు.

“బీరువాకైనా అసలు చెక్క వేయొచ్చుగా?” అని నసిగాను.

వెడల్పాటి చెక్క పలక వానాకాలం ఉబ్బుతుంది, ఎండలకి ముడుచుకుంటుంది. అదీ అడ్డంగానే, నిలువునా దాదాపు కదలదు. అందుకే పలక వంగుతుంది, పగులుతుంది. ప్లైవుడ్‌లో పొరల్ని ఒకదాని మీద ఒకటి అడ్డంగా, నిలువుగా మార్చి అంటిస్తారు కనక ఒక పొర కదలబోతే రెండోది పట్టి ఆపుతుంది. సముద్రపుగాలి తగిలే మా ఊళ్లో ఇది చిన్న సంగతి కాదు. పైన అంటించే లామినేట్ మీది టేకు గీతలంటారా, అవి అచ్చువేసిన కాగితం. అందానికి సరే, బలానికి లెక్కలోకి రావు. కోసిన అంచులు మూయకుండా వదిలేస్తే 710 అయినా నీళ్లు పీలుస్తుందని మేస్త్రి పదేపదే చెప్పాడు. ఎదురుగా నిలబడి, సింకు వెనకవైపు అంచులు కూడా మూయించాను.

పని ముగిసి మూడు వానాకాలాలు గడిచాయి. తలుపులు ఇంకా తలుపుల్లాగే ఉన్నాయి. మీరు మిల్లుకి వెళ్తే పలక పైముఖం అడక్కుండానే చూపిస్తారు. చివర చూపించమని అడగండి.